థామస్ కేవర్‌హిల్ జెర్డాన్

థామస్ కేవర్‌హిల్ జెర్డాన్ (అక్టోబర్ 12, 1811 - జూన్ 12, 1872) బ్రిటిషు వైద్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు. ఈయన ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేస్తూ భారతదేశపు పక్షులను, క్షీరదాలను, సరీసృపాలను, చేపలను, చీమలను అధ్యయనం చేశాడు. ఈయన రచించిన బర్డ్స్ ఆఫ్ ఇండియా (1862-64) భారతదేశపు పక్షులన్నిటినీ ఒకచోట వివరించిన తొలి సమగ్ర గ్రంథంగా పేరుపొందింది.

తెలుగువారికి జెర్డాన్ పేరు ముఖ్యంగా కలివి కోడి వలన పరిచయం. కడప, నెల్లూరు జిల్లాల సరిహద్దు కొండలలో ఈయనకు లభించిన ఈ పక్షిని ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అని పిలుస్తారు. ఇది ప్రపంచంలోని అత్యంత అరుదైన పక్షులలో ఒకటి. ఇది గుడ్లు పెట్టే చోటు గాని, పొదిగే తీరు గాని జెర్డాన్ కాలంలో తెలియలేదు. ఆ తరువాత నూట డెబ్బై సంవత్సరాలు గడచినా శాస్త్రజ్ఞులెవరూ దాని గూడును వర్ణించలేదు.

బాల్యం, విద్య

జెర్డాన్ ఇంగ్లండు ఉత్తర భాగంలోని డర్హం కౌంటీలో, బిషప్ ఆక్లాండ్ పట్టణానికి సమీపంలో గల బిడిక్ హౌస్‌లో జన్మించాడు. తండ్రి ఆర్చిబాల్డ్ జెర్డాన్. వీరి వంశం స్కాట్లండు సరిహద్దులో జెడ్‌బరో దగ్గర గల బాంజెడ్వర్డ్‌కు చెందినది. తండ్రికి ప్రకృతి శాస్త్రంలో ఆసక్తి ఉండేది. తమ్ముడు ఆర్చిబాల్డ్ శిలీంధ్రాల అధ్యయనంలో పేరు పొందాడు.

ఈ సరిహద్దు ప్రాంతం చెట్లు తక్కువగా, గడ్డి, హెదర్ పొదలతో నిండిన ఎత్తయిన నేల. కర్ల్యూ, గోల్డెన్ ప్లోవర్, ల్యాప్‌వింగ్ వంటి పక్షులు వసంతకాలంలో ఇటువంటి ఉత్తరాది మిట్టనేలలకు చేరి గుడ్లు పెడతాయి. నీటి ఒడ్డున, బురదలో, బయలు నేలపై నడుస్తూ మేసే ఈ పక్షులన్నిటినీ కలిపి ఇంగ్లీషులో వేడర్లు అంటారు. మనకు బాగా తెలిసిన తీతువు పిట్ట, ఉల్లంకి పిట్ట ఈ కోవకు చెందినవే. కలివి కోడి కూడా ఈ పెద్ద కుటుంబానికి చెందినదే, అయితే ఇది నీటిని ఆశ్రయించి బ్రతకదు. స్కాట్లండు నుండి సైబీరియా వరకు గల చల్లని ప్రదేశాలలో పిల్లలను పెంచే వేడర్లలో అనేకం శీతాకాలంలో దక్షిణానికి వలస వస్తాయి. కార్తీక మాసం నుండి తెలంగాణ చెరువుల అంచున కనిపించే ఉల్లంకులలో ఎక్కువ భాగం ఈ విధంగా వచ్చిన అతిథులే.

జెర్డాన్ 1828లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి ప్రొఫెసర్ రాబర్ట్ జేమ్సన్ వద్ద ప్రకృతి శాస్త్రం చదివాడు. విద్యార్థులు నడిపే ప్లీనియన్ సొసైటీలో సభ్యుడయ్యాడు. తరువాత వైద్యం అభ్యసించి, 1835లో ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంట్ సర్జన్‌గా నియమితుడయ్యాడు. ఆ రోజులలో కంపెనీ వైద్యులలో చాలామంది మొక్కలనో జంతువులనో సేకరించేవారు. వైద్యవిద్యలో వృక్షశాస్త్రం ఒక భాగం కావటం, ఉద్యోగరీత్యా ఊరూరా తిరగవలసి రావటం ఇందుకు కారణాలు.

భారతదేశంలో తొలి సంవత్సరాలు

1836 ఫిబ్రవరిలో జెర్డాన్ మద్రాసు చేరుకున్నాడు. మొదట ఈయనను గంజాం ప్రాంతానికి పంపారు. అక్కడ గుంసూరు యుద్ధంలో పాల్గొన్న సైనికులు జ్వరాలతోనూ విరేచనాలతోనూ బాధపడుతుండగా వారికి చికిత్స చేశాడు. అప్పుడే తూర్పు కనుమల పక్షులతో ఈయన పరిచయం మొదలయింది. 1837లో తిరుచిరాపల్లిలోని రెండవ లైట్ కావల్రీకి బదిలీ అయి, ఆ దళంతో పాటు దక్కను అంతటా తిరిగాడు. అప్పటి నిజాం రాజ్యంలోని జాల్నా కంటోన్మెంటులో కూడా కొంతకాలం ఉన్నాడు.

సేకరించిన పక్షి చర్మాలను గుర్తింపు కోసం స్కాట్లండులోని సర్ విలియం జార్డిన్‌కు పంపగా, అవి చేరేలోపే చిమ్మటలు పట్టి పాడైపోయాయి. దానితో ఇతరులపై ఆధారపడక తన పరిశీలనలనే నమ్ముకుని ఈయన ఒక జాబితాను తయారుచేశాడు. ఇది 1839 నుండి మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్‌లో భాగాలుగా వెలువడింది. అందులో దాదాపు 420 జాతులు ఉన్నాయి. అంతకు ముందు కల్నల్ సైక్స్ దక్కను పక్షులపై ప్రచురించిన జాబితాతో పోలిస్తే ఇది దాదాపు రెట్టింపు. ఈ పనిలో ఈయనకు సహకరించినవారిలో ముఖ్యుడు మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన వాల్టర్ ఇలియట్. తెలుగు మొక్కల పేర్లను సంకలనం చేసి ఫ్లోరా ఆంధ్రికా (1859) ప్రచురించినది ఈ ఇలియటే.

1841లో నీలగిరులలో ఉండగా జెర్డాన్‌కు ఫ్లోరా మాక్లియోడ్‌తో వివాహం జరిగింది.

నెల్లూరులో

వివాహానంతరం జెర్డాన్ నెల్లూరు సివిల్ సర్జన్‌గా నియమితుడయ్యాడు. ఈయన జీవితంలో తెలుగు నాటికి సంబంధించి ఇదే ముఖ్యమైన ఘట్టం. నెల్లూరుకు పడమట వెలిగొండలు, వాటికి ఆవల కడప కొండలు, నడుమ పెన్నా నది ఉన్నాయి. ఈ కొండలలో, చిట్టడవులలో నివసించే యానాదుల నుండి ఈయన అక్కడి జంతువులను గురించి చాలా సమాచారం సేకరించాడు. ఏ పక్షి ఎక్కడ మేస్తుంది, ఏ కాలంలో కనిపిస్తుంది, ఏ పేరుతో పిలుస్తారు అన్న విషయాలు వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియవు. వల, ఉచ్చు, బోను వంటి పనిముట్లతో జీవించేవారికి అటువంటి జ్ఞానం ప్రాణావసరం.

జెర్డాన్ గ్రంథాలలో ప్రతి పక్షికి లాటిను, ఇంగ్లీషు పేర్లతో పాటు హిందీ, తెలుగు, తమిళం మొదలైన దేశభాషలలో పేర్లు దొరికినంతవరకు ఇవ్వబడినాయి. తెలుగు పక్షుల పేర్లకు అచ్చులో దొరికే తొలి ఆధారాలలో ఇవి ముఖ్యమైనవి. ఇంగ్లీషు లిపిలో వ్రాయటం వలన కొన్ని పేర్ల ఉచ్చారణ నేడు సరిగా తేలదు. అయినా తరువాత వచ్చిన గ్రంథకర్తలు చాలామంది ఈ పేర్లనే తిరిగి వాడుకున్నారు.

1843 నుండి 1847 వరకు ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ ఆర్నిథాలజీ అనే చిత్రసంపుటిని ఈయన ప్రచురించాడు. ఇందులో 50 వర్ణచిత్రాలు ఉన్నాయి. మూలచిత్రాలను వేసినవారిలో భారతీయ చిత్రకారులు ఉన్నారు.

కలివి కోడి

నెల్లూరు, కడపల నడుమ గల కొండల నుండి జెర్డాన్ సేకరించిన ఒక కొత్త పక్షిని 1848లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం అధిపతి ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మెడ క్రింద, ఎదపై రెండు పట్టీలు ఉండటం వలన దీనికి రెండు కంఠహారాలు గలది అనే అర్థంలో బైటార్క్వేటస్ అనే పేరు పెట్టాడు. నేటి పూర్తి శాస్త్రీయ నామం రైనోప్టైలస్ బైటార్క్వేటస్.

ఈ పక్షి పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. పొడవైన లేత పసుపు కాళ్ళు, పెద్ద కళ్ళు, కంటిపై వెడల్పైన తెల్లని కనుబొమ గీత, గొంతు క్రింద ఇటుక రంగు మచ్చ దీని గుర్తులు. ఎగరగలిగినా ఎక్కువగా నేలపై పరుగెత్తుతుంది. చెదపురుగులు, చీమల వంటి కీటకాలను తింటుంది. కలివి అనేది వాక జాతికి చెందిన ముళ్ళ పొద. అటువంటి పొదల నడుమ ఖాళీ నేలపై తిరుగుతుంది కనుక స్థానికులు దీనిని కలివి కోడి అన్నారు. జెర్డాన్ మాత్రం దీని తెలుగు పేరును అడవి ఉత తిత్తి అని చదువదగిన రీతిలో నమోదు చేశాడు.

జెర్డాన్ తరువాత వ్రాసిన వివరణ ప్రకారం ఈ పక్షి బయలు మైదానాలలో కాక రాళ్ళతో కూడిన మిట్టపల్లపు నేలలో, పలుచని అడవిలో చిన్న గుంపులుగా ఉంటుంది, అప్పుడప్పుడు దీనస్వరంతో కూస్తుంది. ఈ కొద్ది మాటలే ఆ తరువాత చాలాకాలం పాటు దీని జీవితాన్ని గురించిన ప్రధాన ఆధారం. ఇది రాత్రివేళ తిరిగే పక్షి అన్న ప్రస్తావన ఆ వివరణలో లేదు. ఈ చిన్న లోపానికి తరువాతి అన్వేషకులు పెద్ద మూల్యం చెల్లించారు.

గూడు సంగతి

నేలపై గుడ్లు పెట్టే పక్షుల గూటిని కనుగొనటం కష్టం. తీతువు పిట్టనే తీసుకుంటే, అది గూడు కట్టదు. చేలగట్టుపైనో, ఎండిన చెరువు నేలలోనో చిన్న గుంట చేసి సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్ల మొనలు లోపలి వైపుకు తిరిగి ఉంటాయి. మట్టి రంగుపై నల్లని మచ్చలతో ఉండే ఆ గుడ్లు కాలి క్రింద పడేవరకు కనిపించవు. మనిషి దగ్గరకు రాగానే పక్షి లేచి అరుస్తూ తల చుట్టూ తిరుగుతుంది, లేదా రెక్క విరిగినట్లు నటిస్తూ దూరంగా తీసుకుపోతుంది. పిల్లలు పుట్టిన కొద్ది గంటలలోనే నడుస్తాయి, తల్లి హెచ్చరించగానే నేలకు అంటుకుని కదలకుండా ఉంటాయి. తీతువు అరిస్తే కీడు అని తెలుగు పల్లెలలో ఒక నమ్మకం ఉన్నది. ఆ అరుపులో చాలా భాగం గుడ్లను కాపాడుకునే ప్రయత్నమే.

ఉత్తరాది మిట్టనేలలలో గుడ్డుకు చలి ప్రమాదకరం, తల్లి దానిని వెచ్చగా ఉంచాలి. దక్కనులో అందుకు విరుద్ధం. ఏప్రిల్, మే నెలల ఎండలో నేలపై ఉన్న గుడ్డు ఉడికిపోకుండా పక్షి నీడ పట్టాలి. తీతువు తన పొట్ట ఈకలను నీటిలో తడుపుకుని వచ్చి గుడ్లపై కూర్చుంటుంది.

కలివి కోడి ఇందులో ఏ పద్ధతిని అనుసరిస్తుందో చెప్పటానికి దాని బంధువులను చూడవలసిందే. మైదానాలలో ఉండే ఇండియన్ కోర్సర్ ఖాళీ నేలపై రెండు లేక మూడు గుడ్లు పెడుతుంది. ఆఫ్రికాలో ఉండే మూడు పట్టీల కోర్సర్ కలివి కోడికి మరింత దగ్గర బంధువు. అది గుడ్లను మట్టిలో సగం వరకు పూడ్చి పొదుగుతుంది. కలివి కోడి సంగతి ఊహకే మిగిలింది.

గోదావరి తీరంలో

జెర్డాన్ ఈ పక్షిని పెన్నా లోయలో ఎరుగును. దీని ఉనికి ఉత్తరాన గోదావరి వరకు ఉన్నదని తెలిపినవాడు విలియం థామస్ బ్లాన్‌ఫర్డ్. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేస్తూ గోదావరి లోయలోని రాళ్ళను పరిశీలించిన ఈయన సిరొంచ దగ్గర, భద్రాచలం దగ్గర కలివి కోడిని నమోదు చేశాడు.

సిరొంచ నేడు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉన్నది. ప్రాణహిత నది గోదావరిలో కలిసేది అక్కడే. నదికి ఇవతల ప్రాణహిత పడమటి ఒడ్డున పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని చెన్నూరు ప్రాంతం, గోదావరి దక్షిణపు ఒడ్డున పూర్వపు కరీంనగర్ జిల్లాలోని కాళేశ్వరం ఉన్నాయి. నేల స్వభావంలో, అడవిలో రెండు ఒడ్డులకు పెద్ద తేడా లేదు. ప్రజల రాకపోకలకు, భాషకు కూడా ఇక్కడ నది అడ్డు కాలేదు. అయితే 1931-32లో నిజాం ప్రభుత్వ సహకారంతో సలీం అలీ హైదరాబాదు రాజ్యమంతటా జరిపిన పక్షుల సర్వేలో కలివి కోడి దొరకలేదు.

ఎండాకాలంలో గోదావరి, ప్రాణహితల నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడినప్పుడు ఏటి తీతువులు, థిక్-నీ పక్షులు, ప్రాటింకోల్‌లు, టర్న్ పక్షులు ఇసుకలో గుడ్లు పెట్టేవి. వీటన్నిటికీ జెర్డాన్ గ్రంథంలో చోటు ఉన్నది. ఇసుక తవ్వకాలు, పైన కట్టిన ఆనకట్టల నుండి అకాలంలో విడిచే నీరు ఇటువంటి పక్షుల సంతానానికి ముఖ్యమైన ముప్పులు.

తలసేరి, సాగర్

1847లో జెర్డాన్ మలబారు తీరంలోని తలసేరి సివిల్ సర్జన్ అయ్యాడు. అక్కడ పక్షుల కంటె చేపలు, చీమలు ఈయనను ఎక్కువగా ఆకర్షించాయి. 1851లో దక్షిణ భారతదేశపు చీమల జాబితా ప్రచురించాడు. ఎగిరి దూకి ఎరను పట్టే హార్పెగ్నాథోస్ సాల్టేటర్ అనే చీమను మొదట వర్ణించినవాడు ఈయనే. 1853లో దక్షిణాపథపు సరీసృపాల జాబితా వెలువడింది. 1852లో మధ్య భారతంలోని సాగర్‌కు బదిలీ అయ్యాడు.

బర్డ్స్ ఆఫ్ ఇండియా

1857 తిరుగుబాటు తరువాత సెలవుపై డార్జిలింగు వెళ్ళిన జెర్డాన్ హిమాలయ పక్షులను పరిశీలించాడు. భారతదేశపు వెన్నెముక గల జంతువులన్నిటిపై వరుసగా గ్రంథాలు వ్రాయాలని ఈయన సంకల్పం. గవర్నర్ జనరల్ లార్డ్ కానింగ్ ఇందుకు అంగీకరించి ఈయనను ప్రత్యేక విధులపై నియమించాడు.

ఫలితంగా బర్డ్స్ ఆఫ్ ఇండియా 1862లో మొదటి సంపుటం, 1864 నాటికి రెండు భాగాలుగా రెండవ సంపుటం వెలువడినాయి. ఇందులో 1008 జాతుల వివరణ ఉన్నది. అప్పటివరకు భారతదేశపు పక్షులను గురించిన సమాచారం కలకత్తా, మద్రాసు, లండను పత్రికలలో చెల్లాచెదురుగా ఉండేది. మారుమూల ఊళ్ళలో ఉద్యోగం చేసే అధికారికి ఆ పత్రికలు దొరికేవి కావు. జెర్డాన్ గ్రంథం చేతికి వచ్చిన తరువాత, తాను చూసిన పక్షి ఏదో, దానిని గురించి ఇంకా ఏమి తెలియదో అటువంటి వ్యక్తి తెలుసుకోగలిగాడు. ఏ.ఓ.హ్యూమ్ మొదలైనవారు తరువాతి దశాబ్దాలలో దేశవ్యాప్తంగా పక్షులను, గూళ్ళను, గుడ్లను నమోదు చేయటానికి ఇది పునాది అయింది. హ్యూమ్ భారతీయ పక్షుల గూళ్ళు, గుడ్లపై ప్రచురించిన గ్రంథం 1873లో, అంటే జెర్డాన్ మరణించిన మరుసటి సంవత్సరం, వెలువడింది.

ఈ గ్రంథంలో కొన్ని దోషాలు లేకపోలేదు. జెర్డాన్ తాను స్వయంగా చూసినదానికి, ఇతరులు వ్రాసి పంపినదానికి అన్నిచోట్లా తేడా చూపలేదు. అయినా సైనిక వైద్యుడిగా ఊరూరా తిరుగుతూ ఒక్కడే ఇంత పని చేయటం సామాన్యం కాదు.

క్షీరదాలపై గ్రంథం 1867లో వచ్చింది. సరీసృపాల గ్రంథం వెలువడక మునుపే ఈయన మరణించాడు.

చివరి రోజులు

1868లో జెర్డాన్ మద్రాసు సైనిక వైద్యశాఖలో డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ హోదాలో పదవీ విరమణ చేశాడు. తరువాత కూడా సేకరణ మానలేదు. అస్సాంలో పర్యటిస్తూ గౌహతిలో తీవ్రంగా జబ్బుపడి, 1870లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాడు. పూర్తిగా కోలుకోలేక 1872 జూన్ 12న లండను సమీపంలోని అప్పర్ నార్‌వుడ్‌లో మరణించాడు. వెస్ట్ నార్‌వుడ్ శ్మశానవాటికలో ఈయనను ఖననం చేశారు.

ఈయన తలపెట్టిన వెన్నెముక జంతువుల గ్రంథమాల తరువాత ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా పేరుతో బ్లాన్‌ఫర్డ్ సంపాదకత్వంలో రూపుదాల్చింది. ఈయన పేరు మీదుగా జెర్డాన్స్ బాజా అనే డేగ, జెర్డాన్స్ లీఫ్‌బర్డ్, ఆంధ్ర, తెలంగాణ మెట్టనేలలలో తరచుగా కనిపించే జెర్డాన్స్ బుష్‌లార్క్, జెర్డాన్స్ పిట్ వైపర్ అనే పాము మొదలైనవి ఉన్నాయి. వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ ఒక మొక్కల ప్రజాతికి జెర్డోనియా అని పేరు పెట్టాడు.

జెర్డాన్ తరువాత కలివి కోడి

1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ పెన్నా లోయలో చూసిన తరువాత కలివి కోడి శాస్త్రజ్ఞులకు కనిపించలేదు. 1970లలో సలీం అలీ, అమెరికాకు చెందిన డిల్లాన్ రిప్లే దీని కోసం వెదికించారు. ఫలితం లేకపోవటంతో ఈ జాతి అంతరించిపోయిందని చాలామంది భావించారు.

1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దీనిని తిరిగి కనుగొన్నాడు. ఈయన పక్షి చిత్రాన్ని ఊరి ప్రజలకు, వేటగాళ్ళకు చూపించి అడిగి తెలుసుకున్నాడు. రాత్రి దీపం వెలుతురులో వేటాడే ఒక స్థానికునికి ఈ పక్షి చిక్కింది. జెర్డాన్ యానాదులను అడిగి తెలుసుకున్నట్లే ఇక్కడ కూడా స్థానికుల జ్ఞానమే ఉపయోగపడింది. పగలు వెదికినవారికి ఇది ఎందుకు దొరకలేదో అప్పుడు తెలిసింది.

దీని రక్షణకు శ్రీలంకమల్లేశ్వర వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకం కలివి కోడి ఉండే పొదల గుండా సాగగా, పరిశోధకులు అభ్యంతరం తెలిపారు. చివరకు కాలువ మార్గాన్ని మార్చారు. అయితే కట్టెల కోసం పొదలను నరకటం, పొలాలుగా తోటలుగా మార్చటం అంతటితో ఆగలేదు. పొదలు మరీ దట్టమైనా, పూర్తిగా పోయినా ఈ పక్షి ఉండలేదు. గొర్రెలు, మేకలు కొద్దిగా మేసి, నడుమ నడుమ ఖాళీ నేల మిగిలిన చోటే దీనికి అనుకూలం. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి దీనిని అత్యంత ప్రమాదస్థితిలో గల జాతుల జాబితాలో చేర్చింది.

2013లో ఒక గుడ్డు వెలుగులోకి వచ్చింది. స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర మ్యూజియంలో ఉన్న ఈ గుడ్డు 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించినది. మ్యూజియంలలోని పాత కలివి కోడి చర్మాల నుండి తీసిన నమూనాలతో డి.ఎన్.ఏ. పోల్చి చూసి ఇది ఆ జాతిదేనని నిర్ధారించారు. శాస్త్రజ్ఞులకు తెలిసిన కలివి కోడి గుడ్డు ఇది ఒక్కటే. కోలారులో ఈ పక్షి ఉండేదని అంతకు ముందు ఎవరూ అనుకోలేదు.

2000-2010 దశకంలో మెత్తని మట్టి పరచి అడుగుజాడలు చూడటం, స్వయంచాలక కెమెరాలు అమర్చటం, రికార్డు చేసిన కూతను వినిపించి జవాబు కోసం ఎదురుచూడటం వంటి పద్ధతులతో దీని ఉనికిని పరిశీలించారు. ఆ దశకం చివర నుండి చాలా సంవత్సరాలు దీని జాడ నిర్ధారణగా తెలియలేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు కడప ప్రాంతంలో రాత్రివేళ దీని కూతను తిరిగి విని నమోదు చేశారు.